ఎడారి ర్యాలీలో జట్టు: వెనక వచ్చేవాడు తన చక్రం విప్పి ముందువాడికి ఇవ్వాలా?

హగరి ఇసుక (రాయదుర్గం):

సభ్యులకు నమస్కారం. ముగ్గురు మిత్రులం కలిసి వచ్చే చలికాలంలో రాజస్థాన్‌లో జరిగే ఒక ఎడారి ర్యాలీకి జట్టుగా వెళ్లాలనుకుంటున్నాం. మూడూ హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ బండ్లే కావడంతో ఒకదాని భాగం మరొకదానికి సరిపోతుంది. వ్యక్తిగత ఫలితంలో ఎవరి సమయం వారిదే; జట్టు ఫలితానికి మాత్రం ముగ్గురిలో ముందున్న ఇద్దరి సమయాలు కలుపుతారు. బయలుదేరక ముందే ఒకరిని ప్రధాన రైడరుగా నిర్ణయించుకోవాలనీ, స్టేజి (సమయం కట్టే ఒక రోజు దారి) మధ్యలో ఆయన బండికి ఏదైనా జరిగితే వెనక వచ్చేవాడు చక్రమైనా సరే విప్పి ఇచ్చేయాలనీ మాలో ఒకాయన అంటున్నారు. ఇంకొకతను దీనికి ససేమిరా ఒప్పుకోవడం లేదు. ఇద్దరి మధ్య మాటలు కూడా తగ్గిపోయాయి. ఇసుకలో పోటీ చేసినవారు, దగ్గరి నుంచి చూసినవారు ఏమంటారో తెలుసుకోవాలని అడుగుతున్నాను.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):

ఇందులో తేల్చుకోలేకపోవడానికి ఏముందో నాకు అర్థం కాలేదు. ముగ్గురూ ఎవరికి వారు నడుపుకునేటట్లయితే జట్టు దేనికి, ఒకే డేరాలో పడుకోవడానికా? మీ మిత్రుడు చెప్పింది ప్రపంచ ప్రసిద్ధ ఎడారి పోటీ అయిన డకార్ ర్యాలీలో ఫ్యాక్టరీ జట్లు, అంటే బండ్ల కంపెనీల సొంత జట్లు, ఎన్నో ఏళ్లు పాటించిన పద్ధతే. బండ్ల కంపెనీ కేటీఎం జట్టులో సిరిల్ దెప్రెకు రూబెన్ ఫారియా సహాయక రైడరుగా ఉండేవాడు. 2013లో దెప్రె గెలిచాడు, ఫారియా రెండో స్థానంలో నిలిచాడు. సహాయకుడిగా ఒప్పుకున్నవాడి పోటీ అక్కడితో ముగిసిపోదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అవసరం లేదు. 2001 నుంచి 2019 వరకు జరిగిన ప్రతి డకార్‌లోనూ మోటారు సైకిళ్ల విభాగం కేటీఎందే. అన్నేళ్ల గెలుపు ఒక్కడి మణికట్టు బలంతో రాలేదు.

ఇక చక్రం సంగతి. ఇసుకలో తేలడానికి టైర్లలో గాలి తగ్గించి నడుపుతాం. ఇసుక అడుగున దాగిన రాయి తగిలిందంటే ట్యూబు రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి రెండు చోట్ల చిల్లు పడుతుంది, రిమ్ము సొట్టపోతుంది. అక్కడ కూర్చుని ట్యూబు మార్చుకుంటే అరగంట పోతుంది. వెనకవాడి చక్రం తీసి బిగించుకుంటే ఎనిమిది నిమిషాలు. జట్టు లెక్కలో ఇద్దరి సమయాలే కలుపుతారు కాబట్టి మూడోవాడు ఆగిపోయినా జట్టుకు నష్టం లేదు. ఈ లెక్క అర్థమైనవాడు ముందే ఒప్పుకుంటాడు.

కడప బండ (కడప):

బురుజు గారూ, ఎనిమిది నిమిషాల్లో చక్రం మార్చడం మీరు ఎక్కడ చూశారో దయచేసి చెప్పండి. షెడ్డులో, సిమెంటు నేల మీద, స్టాండు వేసిన బండికి అయితే నేను అంతకన్నా త్వరగానే మారుస్తాను. ఇసుకలో సైడు స్టాండు దిగిపోతుంది కాబట్టి బండిని పక్కకు పడుకోబెట్టాలి, లేదా ఇంజను కింద ఏదైనా దూర్చి నిలబెట్టాలి. ఇరుసు బయటికి లాగగానే దాని గ్రీజుకు ఇసుక అంటుకుంటుంది. తుడవకుండా దూర్చితే బేరింగు పోతుంది. డిస్కు మళ్లీ ప్యాడ్ల మధ్యకు దూరే లోపల ఎవరో ఒకరు పొరపాటున బ్రేకు పెడల్ నొక్కుతారు, ప్యాడ్లు మూసుకుపోతాయి, వాటిని విడదీయడానికి స్క్రూడ్రైవరు వెతుక్కోవాలి. ఆ తర్వాత చైను బిగువు రెండు వైపులా సమానంగా చూసుకోవాలి. ఇదంతా ఒక బండికి. చక్రం ఇచ్చేవాడి బండికీ విప్పాలి కదా! రెండు బండ్లు, కాలిన సైలెన్సర్లు, చేతి తొడుగుల నిండా ఇసుక. ఇరవై నిమిషాలకు తక్కువైతే నేను ఈ వృత్తి మానేస్తాను.

మీరు 2013 దగ్గర ఆగిపోయారు. 2023లో అదే కేటీఎం జట్టులో కెవిన్ బెనవిడెస్, టోబీ ప్రైస్ ఇద్దరూ చివరి రోజు వరకు ఒకరితో ఒకరు పోటీ పడ్డారు. చివరి స్టేజికి ముందు ప్రైస్ 12 సెకన్లు ముందున్నాడు. ముగిసేసరికి బెనవిడెస్ 43 సెకన్ల తేడాతో గెలిచాడు. పద్నాలుగు స్టేజీలు నడిచిన తర్వాత 43 సెకన్లు! నువ్వు సహాయకుడివని ముందే ఇద్దరిలో ఒకరి చేతులు కట్టేసి ఉంటే ఆ పోటీ జరిగేదే కాదు.

నేను సొంత అనుభవంతోనే మాట్లాడుతున్నాను. కొన్నేళ్ల క్రితం రాజస్థాన్‌లోనే ఒక ర్యాలీలో నా వెనక చక్రం విప్పి మా ప్రధాన రైడరుకు ఇచ్చాను. ఆయన వెళ్లిపోయాడు. నేను చక్రం లేని బండి పక్కన ఎండలో కూర్చుని, నిర్వాహకుల లారీ వచ్చేసరికి సాయంత్రమైంది. ఆ లారీ డ్రైవరు ఇచ్చిన నీళ్లే తాగాను. మా ప్రధాన రైడరు ఫొటో పేపర్లో వచ్చింది, జట్టు పేరు వచ్చింది. చక్రం ఎవరిదో ఎక్కడా రాలేదు.

గండికోట గాలి (జమ్మలమడుగు):

ఎడారిలో తోటి మనిషి ఆపదలో ఉంటే ఆగాలా వద్దా అని చర్చ పెట్టవలసిన రోజులు వచ్చాయా!

కడప బండ:

గాలి గారూ, ఇక్కడ ఆ మాట ఎవరూ అనలేదు. మనిషి పడితే ఆగుతాం. బండి ఆగితే ఏం చేయాలన్నది ప్రశ్న.

ధర్మవరం మార్షల్ (ధర్మవరం):

రెండు ర్యాలీల్లో మార్షల్‌గా (దారిలో నియమాలు, భద్రత చూసేవాడిగా) పనిచేసినవాడిగా నియమం వరకు చెబుతాను. స్టేజిలో బయటివారి సహాయం తీసుకుంటే శిక్ష తప్పదు. సొంత మెకానిక్ అయినా సర్వీసు పార్కులోనే (బండ్లు బాగుచేసుకోవడానికి కేటాయించిన చోట) చెయ్యి వేయాలి. పోటీలో ఇంకా నడుస్తున్న రైడర్లు ఒకరికొకరు సాయపడవచ్చు. అందుకే జట్లు వెనక ఒక రైడరును పెట్టుకుంటాయి, అతను నడిచే విడిభాగాల పెట్టె.

గాయపడినవారి విషయం పూర్తిగా వేరు. మొదట చేరుకున్నవాడు ఆగాలి, ఆగిన సమయాన్ని అతని లెక్క నుంచి తీసేస్తారు. 2016లో మథియాస్ వాక్నర్ తొడ ఎముక విరిగి పడి ఉన్నప్పుడు పావ్లో గొన్సాల్వెస్ ఆగాడు, ఆ సమయం అతనికి తిరిగి ఇచ్చారు. ఆ గొన్సాల్వెసే 2020లో హీరో జట్టుకు నడుపుతూ సౌదీ అరేబియాలో పడి చనిపోయాడు. అప్పుడు అతని దగ్గర ఆగినవాడు ఇంకో జట్టువాడైన టోబీ ప్రైస్. హీరో జట్టు ఆ ర్యాలీ నుంచి మొత్తంగా తప్పుకుంది. మనిషి కోసం ఆగితే సమయం తిరిగి వస్తుంది. చక్రం కోసం ఆగితే రాదు. ఈ రెంటినీ దయచేసి కలపకండి.

నల్లరేగడి (నంద్యాల):

నా దృష్టిలో మీ ముగ్గురూ తప్పు రకం పోటీని ఎంచుకున్నారు. జట్టుగా నడపాలని అంత కోరిక ఉంటే మెక్సికోలోని బాహా 1000 పద్ధతిని చూడండి. 1967లో మొదలైన ఆ పోటీలో ఒకే బండిని ఇద్దరో ముగ్గురో నలుగురో వంతుల వారీగా నడుపుతారు. మొదటి ఏడాది మాల్కమ్ స్మిత్, జె.ఎన్. రాబర్ట్స్ ఒకే హస్క్‌వార్నా బండిని పంచుకున్నారు. జానీ క్యాంప్‌బెల్ హోండా మీద 11 సార్లు గెలిచాడంటే ప్రతిసారీ పక్కన మరికొందరు ఉన్నారనే అర్థం. అక్కడ పోటీకి ముందే దారిని నడిపి చూసుకోవచ్చు. కాబట్టి ప్రతి రైడరూ మొత్తం దారిని గుర్తుపెట్టుకోనక్కరలేదు, తన వంతు భాగాన్ని మాత్రం రాయి రాయిగా నేర్చుకుంటాడు. రాత్రి నడిపేవాడు వేరు, కొండ దిగేవాడు వేరు, ఇసుకలో నడిపేవాడు వేరు. ఎవరి బండి, ఎవరి చక్రం అన్న ప్రశ్నే రాదు, ఎందుకంటే బండి ఒక్కటే.

డకార్ తరహా పోటీలో దారి ముందే తెలియదు, రోడ్‌బుక్ (దూరాలు, మలుపుల గుర్తులు ఉండే దారి పుస్తకం) చూసుకుంటూ వెతుక్కోవాలి. అక్కడ జట్టు దూరాన్ని పంచుకోదు, ప్రమాదాన్ని పంచుకుంటుంది. ప్రమాదాన్ని పంచుకోవడంలో సమానంగా పంచడం కుదరదు. మీ గొడవంతా అక్కడే పుట్టింది.

కొండారెడ్డి బురుజు:

రాజస్థాన్‌లో మూడు బండ్లతో నడిపే ర్యాలీ గురించి అడిగితే మెక్సికో కథ చెప్పడం బాగానే ఉంది కానీ, ఆ వంతుల పద్ధతిలో మొదటివాడు మొదటి గంటలోనే బండి విరగ్గొడితే మిగతా ముగ్గురూ రోడ్డు పక్కన హెల్మెట్లు పట్టుకుని నిలబడి ఇంటికి వెళతారని కూడా చెప్పవలసింది.

బండ గారికి: ఎనిమిది నిమిషాలు నేను కర్నూలు దగ్గర తుంగభద్ర ఇసుకలో చూశాను. ఇద్దరు మనుషులు, అభ్యాసం చేసినవాళ్లు. చక్రం తీసుకునేవాడు తన బండి విప్పుతున్నంత సేపూ ఇచ్చేవాడు ఊరికే కూర్చోడు కదా, తన బండి తాను విప్పుతాడు. రెండు పనులూ ఏకకాలంలో జరుగుతాయి. మీరు వాటిని ఒకదాని తర్వాత ఒకటిగా కూడి ఇరవై చేశారు. ఇరుసు కింద ఒక గుడ్డ పరిస్తే గ్రీజుకు ఇసుక అంటుకోదు. మీ జట్టులో ఈ అభ్యాసం ఎన్నడూ చేయలేదని మీ వర్ణన చదివితేనే తెలుస్తోంది.

కడప బండ:

తుంగభద్ర ఒడ్డున, ముందు రాత్రి పడుకుని లేచి, టీ తాగి చేసిన పనిని మూడు వందల కిలోమీటర్లు నడిపిన తర్వాతి పనితో పోల్చడమే మీ వాదనలోని మొదటి లోపం. ఏటి ఇసుకకూ ఎడారి ఇసుకకూ ఉన్న తేడా రెండోది. మన ఏటి ఇసుక గరుకుగా, బరువుగా ఉంటుంది. జైసల్మేర్ దిబ్బల ఇసుక గాలికి జల్లెడ పట్టినంత సన్నం. మీరు పరిచిన గుడ్డ మీదికే అది గాలితో వచ్చి చేరుతుంది. చేతిలో ఇరుసు ఉన్నప్పుడు ముఖానికి కొట్టే ఇసుకను మీరు చూడలేదు. గుడ్డట!

కణేకల్ రైతుబిడ్డ (కణేకల్):

ఇసుక అనుభవం కోసం రాజస్థాన్ దాకా పోనక్కరలేదు, మా వైపు బొమ్మనహాళ్, కణేకల్ మండలాల్లో హగరి ఏటి నుంచి గాలికి లేచిన ఇసుక దిబ్బలే ఉన్నాయి. అక్కడ అభ్యాసానికి వచ్చేవారికి ఒక్క మనవి. అవి మీకు ఆటస్థలం, మాకు పోయిన పొలాలు. దిబ్బల పక్కన మిగిలిన వేరుశనగ చేలల్లోకి దయచేసి బండ్లు తిప్పకండి.

హగరి ఇసుక:

అన్నా, మేము ఎండిన ఏటిలోనే నడుపుతున్నాం, చేలల్లో కాలు పెట్టలేదు. చర్చ చక్రం దగ్గరే ఆగిపోయింది. దయచేసి అసలు ప్రశ్నకు రండి.

కొండారెడ్డి బురుజు:

అసలు ప్రశ్న చక్రమే. చక్రం ఎనిమిది నిమిషాల్లో మారితే ప్రధాన రైడరు పోటీలో నిలుస్తాడు, ఇరవై పడితే నిలవడు, అప్పుడు ఇవ్వడంలో అర్థం లేదు. కాబట్టి దీన్ని చిన్న విషయమని తోసేయలేం. 2015 డకార్‌లో బొలీవియాలోని ఉయుని ఉప్పు మైదానంలో ఉప్పునీరు విద్యుత్ భాగాల్లోకి చేరి, అప్పటి దాకా ముందున్న జోవన్ బరెడా హోండా ఆగిపోయింది. జట్టు సహచరుడు జెరెమియాస్ ఇజ్రాయెల్ తన బండికి తాడు కట్టి అతన్ని లాక్కొచ్చాడు. తన రోజు పోతుందని ఇజ్రాయెల్‌కు తెలియదా? తెలుసు. అయినా లాగాడు. అది క్రమశిక్షణ.

కడప బండ:

ఆ మిగతా సగం కూడా రాయండి. ఆ ఏడాది బరెడా గెలవలేదు, మార్క్ కోమా గెలిచాడు. లాగించుకున్నవాడికి గెలుపు దక్కలేదు, లాగినవాడికి ఆ రోజూ దక్కలేదు. అది క్రమశిక్షణే కావచ్చు. ఇజ్రాయెల్‌కు ఫ్యాక్టరీ జీతం ఇచ్చింది, ఆ పని చేయడానికే ఇచ్చింది. హగరి ఇసుక గారి మూడో మిత్రుడికి జీతం ఎవరిస్తున్నారు?

పెన్నగట్టు (తాడిపత్రి):

ఎనిమిదా ఇరవయ్యా అన్నది తేలేసరికి ర్యాలీ అయిపోయేలా ఉంది.

కొండారెడ్డి బురుజు:

జీతం మాట వచ్చింది కాబట్టి నేనూ అడగక తప్పడం లేదు. బండ గారు చెప్పిన ఆ ర్యాలీ సంగతి నేను ఇంకో వైపు నుంచి విన్నాను. చక్రం ఇచ్చి ఎండలో కూర్చున్న వైనం ఆయన ఎంతో వివరంగా రాశారు. అంతే వివరంగా ఇవి కూడా రాయాలి: ప్రవేశ రుసుము ఎవరు కట్టారు? బండి ఎవరిది? కడప నుంచి జైసల్మేర్ దాకా మూడు బండ్లను లారీలో ఎక్కించి పంపింది ఎవరు? ఫెడరేషన్ లైసెన్సు, బీమా, టైర్లు, పెట్రోలు, తిండి ఎవరి జేబులోంచి వచ్చాయి? ఒక్క రూపాయి పెట్టకుండా ఎడారి దాకా వెళ్లి, ఒప్పుకున్న పనిని చేసి, ఇన్నేళ్ల తర్వాత నా చక్రం నా చక్రం అనడం నాకు న్యాయంగా కనిపించడం లేదు. ఆ చక్రం ఆయనది కానే కాదు.

కడప బండ:

ఇప్పుడు వచ్చారు దారికి. ఇంతసేపూ ఎనిమిది నిమిషాల వెనక దాక్కున్న మాట ఇదే.

అవును, రూపాయి పెట్టలేదు, ఎందుకంటే లేదు. నేను పెట్టింది ఆ మూడు బండ్లనూ పోటీకి తయారు చేసిన పని. మూడు నెలల పాటు షెడ్డు మూసిన తర్వాత రాత్రి పూట ఆ బండ్ల సస్పెన్షన్ విప్పి బిగించాను, ఎయిర్ ఫిల్టర్లకు నూనె పట్టించాను, టైర్లు జారకుండా రిమ్ములకు లాకులు వేశాను, ఇంజను కింద పలకలు చేయించాను. దానికి కూలి ఎవరూ లెక్క కట్టలేదు, నేనూ అడగలేదు. అడిగింది ఒక్కటే, వేగం చూసి ప్రధాన రైడరును నిర్ణయించమని. అభ్యాసంలో ఎవరు ముందున్నారో అక్కడున్న వాళ్లందరికీ తెలుసు. ప్రధాన రైడరు అయింది మాత్రం డబ్బు పెట్టినాయన మేనల్లుడు. ఇసుకలో మూడో గేరు వేయాల్సిన చోట మొదటి గేరులో క్లచ్ కాల్చుకుంటూ వెళ్లే మనిషికి నేను చక్రం విప్పి ఇచ్చాను. బలం తగ్గినవాడు బలమైనవాడికి ఇచ్చి ఉంటే నాకు దుఃఖం ఉండేది కాదు. ఇక్కడ జరిగింది తలకిందులు.

సహాయక రైడరు పద్ధతి తప్పని నేను ఎప్పుడూ అనలేదు, పైన చదువుకోండి. ముందే ఒకడి చేతులు కట్టేయడం తప్పన్నాను. మన జిల్లాల్లో ఆ చేతులు ఎప్పుడూ షెడ్డు కుర్రవాళ్లవే అవుతాయి.

గండికోట గాలి:

ఈ ఒక్క మాట మొదటే చెప్పి ఉంటే బాగుండేది కదా స్వామీ.

కొండారెడ్డి బురుజు:

మేనల్లుడి సంగతి నాకు తెలియదు, తెలియని దాని మీద తీర్పు చెప్పను. కానీ డబ్బు పెట్టడాన్ని నేరంలా చూపించడం నాకు నచ్చలేదు. డకార్‌కు వచ్చే ప్రైవేటు రైడర్లు చాలామంది సొంత డబ్బుతోనో, ఊరిలో చందాలు పోగుచేసుకునో వస్తారు. తమ పేరు ముందు ఉండాలనుకోవడం వారి తప్పా? నేను కూడా ఒక జట్టుకు డబ్బు పెట్టినవాడినే. ఇంట్లో ఏం చెప్పి పెట్టానో ఇక్కడ రాయను. ఆ ఏడాది మా ముగ్గురిలో ఒక్కరు కూడా పోటీ ముగించలేదు. ముగ్గురూ నేనంటే నేనని మొదటి రోజే దిబ్బల్లో ఒకరినొకరు దాటబోయి, మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చి దిబ్బల నీడలు మాయమయ్యాక అంచు కనపడక ఇద్దరు ఒకే దిబ్బ నుంచి కింద పడ్డారు. మూడో అతని క్లచ్ కాలిపోయింది. ఇచ్చేవాడే లేడు, ఎవరిది ఎవరికి ఇవ్వాలి? మరుసటి ఏడు డబ్బిస్తానన్న టైర్ల దుకాణం వారు ఫోను ఎత్తలేదు. అప్పుడు నాకు అర్థమైంది, చిన్న జట్టుకు గెలుపు కన్నా ఒక్క బండి గీత దాటడం ముఖ్యం. ఆ ఒక్క బండి ఏదో ముందే తేల్చుకోకపోతే ఏదీ దాటదు.

ధర్మవరం మార్షల్:

మీ ఇద్దరి మాటలూ కలిపి చదివితే, ఒక బండిని కాపాడాలన్న దగ్గర మీకు పేచీ లేదు. ఆ బండి ఎవరిది కావాలో ఎవరు చెప్పాలన్నదే పేచీ. బురుజు గారు డబ్బు పెట్టినవాడు చెప్పాలంటారు, బండ గారు గడియారం చెప్పాలంటారు.

కడప బండ:

గడియారమే చెప్పాలి. షొర్నూరు కుర్రవాడు హరిత్ నోవా 2024 డకార్‌లో ర్యాలీ 2 విభాగంలో (అగ్రశ్రేణి రైడర్ల విభాగానికి దిగువది) గెలిచి మొత్తం మీద 11వ స్థానంలో నిలిచాడు. మన దేశం నుంచి ఒక విభాగం గెలిచిన మొదటివాడు. జట్టులో వెనక నడవమని అతన్ని మొదటే కూర్చోబెట్టి ఉంటే ఆ ఫలితం ఎక్కడిది? జట్టూ వద్దు, యజమానీ వద్దు అనుకునేవారికి అదే డకార్‌లో ఇంకో విభాగం ఉంది. ఒక 80 లీటర్ల పెట్టె, దాంతో పాటు కొద్ది సామాను మాత్రం నిర్వాహకులు మోసుకొస్తారు, రాత్రి తన బండి తానే బాగుచేసుకుని తెల్లారి మళ్లీ నడపాలి. ఎవరికీ చక్రం ఇవ్వనక్కరలేదు, ఎవరినీ అడగనక్కరలేదు. నాకు ఒక్క అవకాశం ఉంటే ఆ పెట్టెతోనే వెళతాను.

కొండారెడ్డి బురుజు:

ఆ హరిత్ నోవా వెనక కూడా టీవీఎస్, షెర్కో కంపెనీల డబ్బు ఉంది. 2015లో సి.ఎస్. సంతోష్ మన దేశం నుంచి మొదటిసారి డకార్‌కు వెళ్లి 36వ స్థానంలో ముగించాడు. మర్నాడే ఎవరూ గెలుపు అడగలేదు, ముగించినందుకే దారి పడింది. 2017లో హీరో జట్టు వచ్చింది, 2024లో రాస్ బ్రాంచ్ అదే జట్టుకు రెండో స్థానం తెచ్చాడు. మొదట ముగించడం, తర్వాతే మిగతావి.

హగరి ఇసుక:

ఎవరూ అడగలేదు కాబట్టి నేను రాయలేదు కానీ, ఇప్పుడు రాయక తప్పదు. మా మూడు బండ్లలో రెండింటికి డబ్బు పెట్టింది ప్రధాన రైడరు పద్ధతి కావాలంటున్న ఆయనే. ఆ స్థానం తనకే కావాలని ఆయన నోటితో అనలేదు, కానీ మాకు అర్థమవుతోంది. ఒప్పుకోని తమ్ముడు అనంతపురంలో ఒక బండ్ల షెడ్డులో పనిచేస్తాడు. మా ముగ్గురిలో వేగం అతనిదే. మూడోవాడిని నేను, నాకు ఏ చోటు ఇచ్చినా పరవాలేదు.

నల్లరేగడి:

ఇంతసేపూ మీ ఇంటి గొడవను మా చేత మాట్లాడించారన్నమాట.

పెన్నగట్టు:

మూడోవాడినే పంపించేయండి, ఇద్దరి సమయాలే కదా కలిపేది.

ధర్మవరం మార్షల్:

నా సూచన ఇది. మొదటి రోజు ముగ్గురూ ఎవరికి వారు నడపండి, ఎవరూ ఎవరికీ ఏదీ ఇవ్వనక్కరలేదు. ఆ సాయంత్రం ముందున్నవాడు రెండో రోజు నుంచి ప్రధాన రైడరు. ఈ ఒప్పందాన్ని కాగితం మీద రాసి ముగ్గురూ సంతకాలు చేయండి. ఆగిపోయినవాడి పేరు కూడా జట్టు చెప్పే ప్రతి చోటా చెప్పాలని అందులోనే రాసుకోండి.

కొండారెడ్డి బురుజు:

మొదటి రోజు రోడ్‌బుక్‌లో ఒక్క గీత తప్పు చదివి అరగంట పోగొట్టుకున్న మంచి రైడరు, ముందువారి జాడలు చూసుకుంటూ వెనకెనకే వచ్చిన సాధారణ రైడరుకు మిగతా రోజులన్నీ చక్రాలు మోయాలా? ఒక్క రోజు ఫలితం అదృష్టం. నేను ఒప్పుకోను.

కడప బండ:

నేనూ ఒప్పుకోను, కానీ వేరే కారణానికి. కొత్త టైర్లు, కొత్త చైను ఏ బండికి వేస్తారో మొదటి రోజుకు ముందే తేలిపోతుంది. రెండు బండ్లకు డబ్బు పెట్టినాయన ఏ బండి ఎక్కుతాడో నేను చెప్పనక్కరలేదు. పోటీకి ముందే ఇక్కడ తేల్చండి. హగరిలో, ఒకే బండి మీద ముగ్గురూ వంతుల వారీగా, ఒకే దారిలో.

హగరి ఇసుక:

ఆయనతో ఫోనులో మాట్లాడాను. పరీక్షకు ఒప్పుకున్నారు, కానీ వేగం ఒక్కటే చూడకూడదు, దారి వెతకడం కూడా చూడాలన్నారు. వచ్చే ఆదివారం తెల్లవారుజామున మొదలుపెడతాం. చేలకు దూరంగా ఏటిలోనే ఉంటాం. రోడ్‌బుక్ మా ముగ్గురిలో ఎవరూ రాయకూడదు కాబట్టి బయటివారు ఎవరైనా రాసి పెట్టాలి.

నల్లరేగడి:

రోడ్‌బుక్ నేను రాసిస్తాను. శనివారం సాయంత్రానికి రాయదుర్గం చేరుకుంటాను. దారి ఎవరికీ ముందు చెప్పను, హగరి ఇసుక గారికి కూడా.

కొండారెడ్డి బురుజు:

నేను కర్నూలు నుంచి వస్తున్నాను. పరీక్ష అయిపోయాక, ముగ్గురూ అలసిపోయి ఉన్నప్పుడే, చక్రం మార్పు కూడా సమయం కట్టి చూడాలి. ఎనిమిదికి ఒక్క నిమిషం మించినా బండ గారు చెప్పింది నిజమని ఇక్కడే రాస్తాను.

కడప బండ:

నేనూ వస్తాను. ముందుగా బండి టైర్లలో గాలి నేను చూస్తాను, ఇరుసు నట్టు ముందే వదులు చేసి పెట్టారేమో కూడా చూస్తాను.

కొండారెడ్డి బురుజు:

చూసుకోండి. స్టాప్‌వాచ్ మాత్రం మార్షల్ గారి చేతిలో ఉండాలి, మీ చేతిలో కాదు.